కణుపు చూసి విరవండి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న అమలాపురంలో చెవి డాక్టరు గారి బోర్డు ముందు నిలబడి చిన్నది అడిగింది, "తాతయ్యా, ఓటోరైనోలారింగాలజీ... దీన్ని ఎవరైనా ఆఖరిదాకా చదివారా?" అని. చదవొచ్చమ్మా. చెరకు గడలా తినాలి, అంతే.

గడని ఎక్కడ పడితే అక్కడ వంచితే పీచు లేచి చెయ్యి గీరుకుంటుంది. కణుపు దగ్గర మోకాలికేసి కొడితే టప్పున విరుగుతుంది. ఈ గ్రీకు మాటల్లో కణుపు ఇంగ్లీషు "ఓ" అక్షరం. ఓట్ చెవి, రైన్ ముక్కు, లారింగ్ గొంతులోని స్వరపేటిక, లజీ శాస్త్రం. ముక్కు మీద కొమ్మున్న ఖడ్గమృగాన్ని రైనో అంటారే, అదీ ఈ ముక్కే. మాట చివర తగిలే ముక్క అచ్చుతో మొదలైతే దాని ముందు ఓ ఎగిరిపోతుంది. గ్యాస్ట్ర్ అంటే జీర్ణాశయం, దానికి ఐటిస్ కలిస్తే గ్యాస్ట్రైటిస్.

మా చిన్నప్పుడు తణుకు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బళ్ళు బారులు తీరి వెళ్ళేవి. మేం వెనక పరుగెత్తి గడలు లాగేవాళ్ళం. బండాయన తల తిప్పకుండానే, "ఆయ్, ఒకటి చాలు బాబూ" అనేవాడు. ఒకటితో ఎవడు ఆగాడు! మా పెదనాన్న మాత్రం, "కొస నుంచి తినండ్రా, మొదలు దగ్గరే తీపి" అనేవాడు. మొదలు ముందు తినేస్తే మిగతాదంతా చప్పనే. ఈ మాటల్నీ కొస నుంచే పట్టండి. ఐటిస్ ఉంటే వాపు. ఎక్టమీ ఉంటే కోసి తీసెయ్యడం. స్కోపీ అంటే లోపలికి చూడటం. ఆ తర్వాత మొదలుకి రండి: కోలె పైత్యరసం, సిస్ట్ సంచి. కోలెసిస్టెక్టమీ అంటే పిత్తాశయం తీసెయ్యడమన్నమాట.

పలికేటప్పుడు కార్డియాలజీలో "ఆ" మీద, అపెండెక్టమీలో "ఎక్" మీద నొక్కండి, మిగతాది దానంతటదే జారిపోతుంది. న్యుమోనియా ముందు "పి" రాస్తారు గానీ పలకరు. గ్రీకు వాళ్ళు పలికేవాళ్ళే, ఇంగ్లీషు వాళ్ళకే నోరు తిరగలేదు!

ఇంకోటి. పేరు విప్పగానే వైద్యం వచ్చేసిందనుకుని మందుల కొట్టుకి పరుగెత్తకండి. ఆ పని డాక్టరు గారిది.

ఆదివారం బీరువాలోని పాత రిపోర్టులు అమ్మనడిగి తీయించుకుని, వాటిలో పొడుగు మాటలు వేరే కాగితం మీద రాసి, కణుపుల దగ్గర పెన్సిలు గీతలు పెట్టండి. దొరక్కపోతే ఇదిగో, ఎలెక్ట్రోఎన్‌సెఫలోగ్రామ్. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు మొదటిసారి మనిషికి తీశాడు. గ్రామ్ అంటే రాత, ఎన్ లోపల, సెఫల్ తల. మిగిలిన ముక్క మీకు తెలిసిందే. విరిచి, ఏమొచ్చిందో ఉత్తరం రాయండి.

మీ తాతయ్య