అరవై ఏడేళ్లు రాయి లేని సమాధి: ఆర్థర్ వార్టన్ నేపథ్యం

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో జాతి వివక్ష మీద చర్చ లేచినప్పుడల్లా ఆర్థర్ వార్టన్ పేరు వస్తుంది. తొలి నల్లజాతి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్‌గా ఎక్కువమంది చెప్పుకునేది ఆయన్నే. 1930లో చనిపోతే, సమాధి మీద పేరు చెక్కిన రాయి పడింది 1997లో.

ఆయన 1865లో ఇప్పటి ఘనా రాజధాని అక్రాలో పుట్టారు. తండ్రి గ్రెనడా నుంచి వచ్చిన మెథడిస్టు క్రైస్తవ మిషనరీ, తల్లిది అక్కడి ఫాంటే తెగ రాజకుటుంబంతో బంధుత్వం ఉన్న ఇల్లు. తండ్రి బాటలోనే మత ప్రచారకుణ్ణి చేద్దామని 1880ల మొదట్లో ఇంగ్లండ్‌కు చదువుకు పంపారు. ఆయన మనసు మాత్రం ఆటల మీదికి పోయింది. 1886లో లండన్ స్టాంఫర్డ్ బ్రిడ్జి మైదానంలో 100 గజాల పరుగును సరిగ్గా 10 సెకన్లలో ముగించి జాతీయ చాంపియన్ అయ్యారు.

అంతకు ఏడాది ముందే, 1885లో, ఆటగాళ్లకు డబ్బివ్వడాన్ని ఫుట్‌బాల్ సంఘం చట్టబద్ధం చేసింది. డార్లింగ్టన్‌లో గోల్‌కీపర్‌గా పేరు తెచ్చుకున్న వార్టన్‌ను ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్బు పిలిచింది. 1887లో ఆ జట్టు ఎఫ్ఏ కప్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. అప్పట్లో ఎదురు జట్టు ఫార్వర్డ్‌లు (గోల్ కొట్టడానికి ముందుండే ఆటగాళ్లు) గోల్‌కీపర్‌ను గుద్ది పడేసినా తప్పు కాదు. వార్టన్ దానికి తనదైన విరుగుడు కనిపెట్టారు. ఓ మ్యాచ్‌లో ఎగిరి గోల్ పైనుండే అడ్డకమ్మీ (క్రాస్‌బార్) పట్టుకుని వేలాడుతూ, బంతిని కాళ్ల మధ్య ఇరికించుకున్నారట. మీదికి దూసుకొచ్చిన ముగ్గురూ తూలి నెట్‌లో పడ్డారని, అది కళ్లారా చూసిన ప్రేక్షకుడొకరు దశాబ్దాల తర్వాత పత్రికకు రాశారు. ఇలాంటి విన్యాసాలు నచ్చని ఒక పత్రిక 1887లోనే ఆయన రంగును ఎత్తి, బుర్ర మందమా అని రాసింది. ఆట నచ్చకపోతే ఆటనే తిట్టొచ్చు. రంగు జోలికి ఎందుకు పోవాలి?

1889లో రోథర్‌హామ్ టౌన్‌తో జీతానికి ఒప్పందం కుదిరింది. 1894లో షెఫీల్డ్ యునైటెడ్‌లో చేరితే అక్కడ పోటీ భారీకాయుడైన గోల్‌కీపర్ బిల్ ఫౌక్‌తో. ఫౌక్ ఉండగా వార్టన్‌కు అవకాశాలు పెద్దగా దొరకలేదు. అయినా 1895లో సండర్లాండ్ మీద బరిలోకి దిగి, అప్పటి అగ్రశ్రేణి లీగ్ అయిన ఫస్ట్ డివిజన్‌లో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యారు. ఆ తర్వాత చిన్న క్లబ్బులు, చివరికి స్టాక్‌పోర్ట్ కౌంటీ. 1902లో ఆట ఆపేశారు.

ప్రొఫెషనల్ అనే మాటకు అప్పట్లో ఉన్న విలువ వారం వారం వచ్చే జీతమే. దేహం సహకరించినన్నాళ్లే ఆ జీతం. ఆ తర్వాత బతుకు సంగతి క్లబ్బుకు పట్టదు. అందుకే జాతీయ చాంపియన్ ఎడ్లింగ్టన్‌లోని యార్క్‌షైర్ మెయిన్ బొగ్గుగనిలో బొగ్గు టబ్బులు తోసే కూలీగా చేరాల్సి వచ్చింది. 65వ ఏట పేదరికంలో పోతే, గుర్తు లేని గోతిలో పూడ్చారు.

షెఫీల్డ్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా పనిచేసే కార్యకర్తలు పూనుకోబట్టే 1997లో ఆ రాయి వచ్చింది. 2014లో ఇంగ్లండ్ జట్టు శిక్షణ కేంద్రం సెయింట్ జార్జెస్ పార్క్‌లో విగ్రహం పెట్టారు. బతికుండగా ఇంగ్లండ్ జట్టు ఆయన్ను ఒక్కసారీ పిలవలేదు. సీనియర్ జట్టుకు ఆడిన తొలి నల్లజాతి ఆటగాడిగా వివ్ ఆండర్సన్ పేరు రికార్డుల్లోకి ఎక్కింది 1978లో.