విరిగిన దవడ, దాచిన మత్తు

కల్లు తాగి పడి మూతి పగలగొట్టుకోవడం ఉత్తర తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. 2015లో నిజామాబాద్, మెదక్ వైపు జరిగింది మాత్రం వేరు. గుడుంబా, కల్తీ కల్లుపై దాడులు పెరిగి మందుకల్లు ఒక్కసారిగా దొరక్కుండా పోయింది. అప్పుడు జనం తాగి పడలేదు, తాగక పడ్డారు. వణుకు, పిచ్చిచూపులు, ఫిట్స్‌తో వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. పేరుకే అది కల్లు. మత్తంతా అందులో కలిపే డైజోపాం, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మందులదే. రోజూ సీసాలకు సీసాలు తాగే కూలీలకు తాము మత్తుమందుకు అలవాటుపడ్డామన్న సంగతే తెలియదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఫిట్స్ వచ్చిన మనిషి చేతులు అడ్డం పెట్టుకోలేడు, ముఖం మీదే పడతాడు. గడ్డం నేలకు కొట్టుకుంటే ఆ దెబ్బ దవడ వెంట పైకి పోయి, చెవి ముందున్న కీలు దగ్గర ఎముక విరగొచ్చు. పైకి కనిపించేది గడ్డం కింద చిన్న గాటే. దానికి కుట్లు వేసి పంపిస్తే, తర్వాత పళ్లు కలవక, నోరు తెరుచుకోక మళ్లీ వస్తారు.

గంజాయి కథ వేరు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు నుంచి భద్రాచలం, ఖమ్మం మీదుగా వచ్చే సరుకు వరంగల్, కాజీపేట దాటి పోతుంది. పోతూ పోతూ కొంత ఇక్కడా దిగుతుంది. అది పీల్చి, పైన మందు తాగి, హెల్మెట్ లేకుండా బండెక్కితే ముందుగా పగిలేవి చెంప ఎముక, దవడే. తాగి బండి నడపడాన్ని నేరం చేసే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మత్తుమందులకూ వర్తిస్తుంది. కానీ రోడ్డు మీద నోట్లో పెట్టి ఊదించే మిషన్ పట్టేది ఆల్కహాల్‌నే.

1985 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం అమ్మకంతో పాటు వాడకాన్నీ నేరం చేసింది. గంజాయి తాగినందుకే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. తానుగా చికిత్సకు వచ్చేవారికి 64ఏ సెక్షన్ కింద రక్షణ ఉంది. అది ఎంతమందికి తెలుసు? అందుకే క్యాజువాలిటీలో వినిపించేది ఒకటే మాట: "బండి మీదికెళ్లి పడ్డడు సార్."

ఆ దాపరికం వార్డులో ప్రాణం మీదికి తెస్తుంది. దవడ అతుక్కోవడానికి పై పళ్లను, కింది పళ్లను వైర్లతో కట్టి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచుతారు. జావ, పాలు, పళ్లరసమే తిండి. మందుకల్లు ఆగిన ఒకట్రెండు రోజులకే వాంతులో, ఫిట్సో మొదలైతే, కట్టేసిన నోట్లో ఊపిరాడదు. అందుకే మంచం పక్కన వైర్లు కత్తిరించే కటర్ పెడతారు. అసలు సంగతి ముందే తెలిస్తే వైర్లు బిగించేముందు డాక్టర్ ఇంకో దారి చూస్తారు, మత్తు ఇచ్చే డాక్టరూ జాగ్రత్తపడతారు. కాబట్టి ఎట్ల పడ్డడని అడిగాక, వెంట వచ్చిన తల్లినో భార్యనో పక్కకు పిలిచి, పోలీసులకు చెప్పేందుకు కాదమ్మా అని ధైర్యం చెప్పి, ఇంకో రెండు మాటలు అడగాలి: రోజూ ఎన్ని సీసాలు తాగుతడు? ఆఖరిసారి ఎప్పుడు తాగిండు?