పుప్పొడికి తోడు డీజిల్ మసి

జపాన్‌లో నిక్కోకు వెళ్లే దారుల పక్కన 17వ శతాబ్దంలో నాటిన సుగి (జపాన్ సెడార్) చెట్లు ఇప్పటికీ బారులు తీరి ఉన్నాయి. వాటి పుప్పొడి వందల ఏళ్లుగా రాలుతూనే ఉంది. అయినా దానివల్ల తుమ్ములు, కళ్ల దురద వస్తున్నాయని వైద్య పత్రికలకెక్కింది 1964లో. యుద్ధం తర్వాత కొండల నిండా సుగి నాటించడం ఒక కారణమే, కాదనలేం. కానీ 1987లో ఇషిజాకి బృందం అక్కడి జనాన్ని పరిశీలిస్తే, సుగి అడవిలో ఉన్నవాళ్లకన్నా రద్దీ ఉన్న సుగి రోడ్ల పక్కనవాళ్లలోనే జబ్బు ఎక్కువగా కనిపించింది.

అనుమానం డీజిల్ పొగ మీదికి మళ్లింది. అప్పటికే 1986లో మురనాకా బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, అలర్జీ కలిగించే ప్రొటీన్‌కు డీజిల్ మసి కలిపి ఎక్కించినప్పుడు అలర్జీకి మూలమైన ఐజీఈ అనే యాంటీబాడీలు ఎక్కువగా తయారయ్యాయి. ప్రొటీన్ ఒక్కటే ఇస్తే అంత లేదు.

మరి మనుషుల్లో? లాస్ ఏంజలెస్‌లో డియాజ్-సాంచెజ్, శాక్సన్‌లు 1994లో వలంటీర్ల ముక్కులో 0.3 మిల్లీగ్రాముల మసి చల్లారు. నాలుగు రోజులకు ముక్కు కడిగిన నీటిలో ఐజీఈ పెరిగింది. అసలు తిరుగులేని ప్రయోగం మాత్రం 1999 నాటిదే. ఒక సముద్రపు నత్త రక్తంలోని ప్రొటీన్‌ను అలర్జీ స్వభావం ఉన్నవాళ్ల ముక్కుకు పరిచయం చేశారు. అది వాళ్ల ఒంటికి పూర్తిగా కొత్త. ప్రొటీన్ ఒక్కటే ఇచ్చిన 10 మందిలో ఎవరికీ దానిపై ఐజీఈ రాలేదు. ప్రతిసారీ ముందురోజు మసి ఇచ్చిన 15 మందిలో 9 మందికి వచ్చింది. అంటే మసి ఉన్న అలర్జీని రెచ్చగొట్టడమే కాదు, లేనిదాన్ని పుట్టించడానికీ తోడ్పడుతోంది.

లోపల జరిగేది ఇదీ. మసి రేణువు నడిమి గింజ కార్బన్. దాని పైన పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు, క్వినోన్లు, లోహాలు అంటుకుని ఉంటాయి. అవి శ్వాసనాళపు పైపొర కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి (చురుకైన ఆక్సిజన్ అణువులు చేసే దెబ్బ) తెస్తాయి. దెబ్బతిన్న కణాలు టీఎస్ఎల్‌పీ, ఐఎల్-33 లాంటి ప్రొటీన్లను హెచ్చరికలుగా పంపుతాయి. వాటికి లోబడిన డెండ్రిటిక్ కణాలు (రోగనిరోధక వ్యవస్థకు కాపలాదారులు) టీ-కణాలనే రోగనిరోధక కణాలను టీహెచ్2 దారి, అంటే అలర్జీ దారి, పట్టిస్తాయి. అవి వదిలే ఐఎల్-4 అనే సంకేతం అందిన బీ-కణాలు (యాంటీబాడీలు చేసేవి) ఐజీఈ తయారీకి మారతాయి. ఆ ఐజీఈ ముక్కు లోపలి పొరలో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని కూర్చుంటుంది. మళ్లీ పుప్పొడి తగిలిందా, వాటి నుంచి తుమ్ములు, దురద తెచ్చే హిస్టమిన్ బయటికొస్తుంది. ఇంకో చిక్కు: పుప్పొడి రేణువు పెద్దది, చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. దాని ప్రొటీన్ సన్నటి మసికి అంటుకుంటే లోపలి గొట్టాల దాకా పోగలదు.

పొగలన్నీ ఒక్కటే అనుకుంటే పొరపాటు. జర్మనీ ఏకమయ్యాక పోల్చి చూస్తే, బొగ్గుపొగ దట్టంగా ఉన్న తూర్పు జర్మనీ నగరం లైప్‌జిగ్‌లో పుప్పొడి జ్వరం (పుప్పొడి అలర్జీ) పశ్చిమ జర్మనీలోని మ్యూనిక్‌కన్నా తక్కువే.

ఫిల్టర్ పెడితే సరిపోతుందా? వాంకూవర్‌లో 2019 నాటి ప్రయోగంలో డీజిల్ పొగలోని రేణువులను తీసేసి, వలంటీర్లకు అలర్జెన్‌తో (అలర్జీ కలిగించే పదార్థంతో) పాటు పీల్పించారు. ఊపిరితిత్తుల పనితీరు మెరుగుపడకపోగా ఇంకా తగ్గింది. రేణువులు పోయినా ఆ పొగలో నైట్రోజన్ డయాక్సైడ్ పెరిగింది మరి. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 (వాహనాల పొగ ప్రమాణాలు) డీజిల్ బళ్లకు రేణువులతో పాటు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితీ బిగించారు. అంతకుముందు రోడ్డెక్కిన లారీలకు మాత్రం అది వర్తించదు.