వెయ్యి అడుగుల కింద నీళ్లు దాచిపెట్టి లేవు: బోర్లు, జనాభా, కొన్ని అపోహలు

పలమనేరు నుంచి చంద్రగిరి దాకా ఏ రిగ్గు బండి దగ్గరికి పోయినా రెండు మాటలు వినబడతాయి. "జనం పెరిగిపోయారు, ఇంక నీళ్లెక్కడివి?" అనేది ఒకటి. "ఇంకో రెండొందల అడుగులు దింపితే పడతాయి సార్" అనేది రెండోది. రెండూ ఒక్కరే అంటారు, అదీ ఒకే పూటలో. నీళ్లకు హద్దుందని మొదటి మాట, లేదని రెండో మాట. మొదటిది సగం నిజం. రెండోది మాత్రం పుస్తెలు తాకట్టు పెట్టిస్తుంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: ఎంత లోతుకు పోతే అన్ని నీళ్లు

చిత్తూరు వైపు నేల కింద ఉండేది గ్రానైటు, నైసు అనే గట్టి రాళ్లు. పైన మట్టి, దాని కింద ముప్పై నుంచి అరవై అడుగుల దాకా మొరం (పొడిబారిన మెత్త రాయి), ఆ కింద పగుళ్లున్న రాయి, ఇంకా కిందికి పోతే బండ. వాన నీళ్లు నిలవ ఉండేది ఎక్కువగా మొరంలోనే. ఎకరా నేలలో ఒక మీటరు మందాన మొరం తడిసి నిండితే, నూటికి రెండు వంతుల లెక్కన మనం తోడుకోగలిగేది సుమారు 80 వేల లీటర్లు. కింది రాతిలో అదే మీటరు మందానికి దాంట్లో పదో వంతు వస్తే గొప్ప. లోతు పెరిగేకొద్దీ పై రాతి బరువుకు పగుళ్లు మూసుకుపోతాయి. ఎక్కువ పగుళ్లు మొదటి రెండు మూడు వందల అడుగుల్లోనే తగులుతాయి.

"మరి మా పక్క చేనోళ్లకు తొమ్మిదొందల్లో పడ్డాయే?" అని అడుగుతారు. పడతాయి, కాదనలేదు. అక్కడొక సన్నటి పగులు ఉంటుంది, అది ఎక్కడో పైనున్న మొరానికి కలిసి ఉంటుంది. ఆ నీళ్లు కూడా ఎప్పుడో కురిసిన వానే, కిందికి చేరడానికి ఏళ్లు పట్టింది. తోడినంత వేగంగా అది మళ్లీ నిండదు. పైగా ఆ పగులు పక్క చేను కిందికి కూడా పోయి ఉంటే, మీకు పడిన రోజు నుంచే వాళ్లకు తగ్గడం మొదలవుతుంది. వాళ్లు ఇంకో వంద అడుగులు దింపుతారు. ఊళ్లో బోర్ల లెక్క పెరుగుతుంది కానీ నీళ్ల లెక్క పెరగదు.

మోసపోయేది ఎక్కువగా మొదటి రాత్రే. బిట్టు దిగుతూ ఉంటే తెల్లటి పొడి ఎగురుతుంటుంది. ఉన్నట్టుండి పొడి నల్లబడి ముద్దగా వస్తుంది, "గ్యాపు తగిలింది" అని డ్రిల్లరు అరుస్తాడు. ఆ తర్వాత కంప్రెసర్ గాలికి నీళ్లు పైకి చిమ్ముతాయి. అక్కడే "రెండు అంగుళాలు" అని ఒకరు, "రెండున్నర" అని ఇంకొకరు పందెం కాస్తారు. అప్పుడు వచ్చేది పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఉన్న నీళ్లు. రేపు ఎంత వస్తుందో అది చెప్పదు.

అంగుళాల లెక్కలోనూ తికమక ఉంది. బోరు నీళ్లు కొలిచే వీ-నాచ్ పలక (V ఆకారంలో గాడి కోసిన రేకు) మీద నీళ్లు ఒక అంగుళం ఎత్తున పారితే గంటకు దాదాపు 500 లీటర్లు. రెండు అంగుళాలంటే దానికి రెట్టింపు అనుకుంటారు, కాదు, దాదాపు 2,900 లీటర్లు. అందుకే కళ్లతో చూసి అర అంగుళం ఎక్కువ చెప్పినా లెక్క మొత్తం తారుమారవుతుంది. ఆ మాట నమ్మి పెద్ద మోటారు దింపితే నెల తిరక్కుండా నీళ్లు అందక వైండింగు కాలిపోతుంది.

చేయాల్సింది ఇదీ. మోటారు కొనేముందు అద్దె మోటారుతో కనీసం నాలుగు గంటలు ఆపకుండా తోడించండి. అరగంటకోసారి మట్టం ఎంత దిగిందో తాడుతోనైనా కొలిచి రాసుకోండి. ఆపాక మళ్లీ నాలుగు గంటలు చూడండి. మట్టం ఇంచుమించు మొదటి చోటికి రాకపోతే అది వట్టిపోయే బోరు, దాన్నిబట్టి చిన్న మోటారే పెట్టాలి. ఇంకొకటి: మూడొందలు దాటాక వంద అడుగుల పొడవునా వట్టి పొడే వస్తుంటే ఆపించేయండి. ఆపడం కష్టమే. అప్పటికే డబ్బు పోసి ఉంటారు, ఇంట్లోవాళ్లంతా అక్కడే నిలబడి ఉంటారు, పశువులకు మేత లేదు. ఆ బాధలో ఎవరైనా "ఇంకో రాడ్డు" అనే అంటారు. కానీ మూడొందలు దాటాక అడుగు రేటు పెరుగుతూ పోతుంది, నీళ్లు దొరికే అవకాశం తగ్గుతూ పోతుంది.

దొరికినా తోడే ఖర్చు ఉంటుంది. వెయ్యి అడుగుల నుంచి వెయ్యి లీటర్లు పైకి రావాలంటే సుమారు రెండు యూనిట్ల కరెంటు కావాలి. సేద్యానికి ఉచిత కరెంటు కాబట్టి రైతుకు ఇది కనబడదు. అపార్ట్‌మెంటు వాళ్లకు బిల్లులో కనబడుతుంది.

అపోహ: జనం ఎక్కువయ్యారు, అందుకే నీళ్లు లేవు

పల్లెలో ఇది తప్పు, పట్నంలో చాలావరకు ఒప్పు. లెక్క వేసి చూడండి.

మన వైపు ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఇంకేది పదో వంతు అటూ ఇటూ. ఎకరాకు దాదాపు 3.6 లక్షల లీటర్లు. పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్కన రెండు వేల మంది ఉన్న ఊరికి ఏడాదికి కావాల్సింది 4 కోట్ల లీటర్లు. నూట పది ఎకరాల్లో ఇంకే నీళ్లు చాలు. అదే ఎకరా వరికి ఒక్క పంటకు 1,200 మిల్లీమీటర్లు, అంటే 48 లక్షల లీటర్లు. ఊరంతా ఏడాది పొడవునా తాగి, వండి, కడుక్కునే నీళ్లు ఎనిమిది ఎకరాల వరికి ఒక్క పంటకే సరిపోతాయి. మడిలో పోసిన దాంట్లో మూడో వంతు మళ్లీ ఇంకుతుందనుకున్నా పన్నెండు ఎకరాలు. చెరకైతే ఇంకా ఎక్కువ. వేరుశనగకు వరిలో సగం కూడా అక్కర్లేదు. ఊళ్లో పుట్టిన పిల్లల్ని చూసి భయపడేవాళ్లు, బోరు కింద ఎండాకాలం వరి ఎన్నెకరాలుందో ముందు లెక్కపెట్టాలి.

తిరుపతిలో కథ వేరు. ఆరొందల గజాల్లో ఇరవై ఫ్లాట్లు అనుకోండి. ఎనభై మంది, తలకు 135 లీటర్లు, ఏడాదికి 39 లక్షల లీటర్లు. ఆ స్థలం మీద పడే వానంతా ఒక్క చుక్క పోకుండా పట్టినా నాలుగున్నర లక్షలే. మిగతాదంతా ఇంకొకరి నేల కింది నీళ్లో, ట్యాంకరో, కండలేరు జలాశయం నుంచి వచ్చేదో. పైగా రోజూ అరవై, డెబ్బై వేల మంది కొండకు వస్తారు. జనాభా లెక్కల్లో వాళ్లెవరూ లేరు. తలకు వంద లీటర్లు వేసుకున్నా రోజుకు అరవై, డెబ్బై లక్షల లీటర్లు. ఊరికి హద్దు గీయాలంటే వీళ్లనీ కలుపుకోవాలి.

అపోహ: జనాభా ఇంకా అదుపు తప్పి పెరుగుతోంది

లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటు పిల్లలు 1.7. జనాభా నిలకడగా ఉండాలంటేనే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో ఎత్తేశారు కూడా. అయినా కొంతకాలం తలలు పెరుగుతాయి, ఎందుకంటే పిల్లల్ని కనే వయసువాళ్లు ఇప్పుడు ఎక్కువ. అంతకన్నా నీళ్ల మీద పడేది ఇంకోటి: ఉమ్మడి కుటుంబాలు విడిపోయి ఇళ్లు పెరుగుతున్నాయి. ఇంటికో సంపు, ఇంటికో బోరు. మనుషులు పెరగకపోయినా బోర్లు పెరుగుతాయి.

మిగతావి గబగబా.

అరచేతిలో టెంకాయ నిలబడితే అక్కడ నీళ్లు: నమ్మకానికి నేనేమీ అడ్డం చెప్పను, కానీ బోరు పాయింటుకు ఆధారం అది కాకూడదు. నేలలోకి కరెంటు పంపి చూసే రెసిస్టివిటీ సర్వే చేయించండి. అది కూడా పగులుండే చోటే చెబుతుంది, ఎన్ని నీళ్లో చెప్పదు.

కండలేరు ఉంది కదా: ఆ నీళ్లు శ్రీశైలం నుంచి, సోమశిల మీదుగా రావాలి. చెన్నైకి కూడా అక్కడి నుంచే పోతాయి. ఎక్కడో కృష్ణమ్మ పైన వాన తగ్గితే ఇక్కడ కొళాయికి తెలుస్తుంది.

కాచితే ఫ్లోరైడు పోతుంది: పోదు, నీళ్లు ఆవిరైపోయి ఇంకా చిక్కబడుతుంది. లోతు బోరు నీళ్లయితే తప్పక పరీక్ష చేయించండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, 1.5 దాటితే తాగొద్దు.

వాన నీళ్లన్నీ బోరులోకి వదిలేస్తే చాలు: ఇది చేసి బోరు పాడుచేసుకున్నవాళ్లు చాలామంది. మేడ మీద నీళ్లే వదలాలి, రోడ్డు నీళ్లు కాదు. కేసింగు (బోరు పైభాగంలో దింపిన పైపు) చుట్టూ పదడుగుల పొడవు, వెడల్పు, లోతున గుంత తీయండి. అడుగున మూడడుగుల మేర కేసింగుకు సన్న రంధ్రాలు వేసి నైలాన్ జాలీ రెండు చుట్లు చుట్టండి. కింద పెద్ద రాళ్లు, ఆ పైన నలభై ఎంఎం కంకర, ఇరవై ఎంఎం, అన్నిటికన్నా పైన ముతక ఇసుక. మొదటి వాన నీళ్లు పక్కకు పోయేలా పైపుకు మూత పెట్టండి. సెప్టిక్ ట్యాంకు యాభై అడుగుల్లోపు ఉంటే ఈ పని పెట్టుకోవద్దు. ఇసుక మీద ఒండ్రు అట్టకట్టి రెండో ఏటికే నీళ్లు దిగడం మానేస్తాయి. ఏటా జూన్‌కు ముందు పై అంగుళం ఇసుక గీకి కొత్తది పోయండి.