తప్పుగా పాడాలంటే ఎంత సంగీతం రావాలి?

పిల్లలూ,

మొన్న ఫోన్లో మన పెద్దమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, ఆ అమెరికన్ హాస్యనటి మెడలిన్ కాన్ సంగీతం నేర్చుకున్న మనిషేనట కదా, మరి ఆ కౌబాయ్ సినిమాలో పాట అలా పాడిందేమిటి, శ్రుతి కూడా జారిపోతోంది?" నేను జవాబు చెప్పేలోపు ఫోన్ కట్టయింది. రెండు రోజులుగా నా మనసంతా దాని మీదే ఉంది, అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ సినిమా 'బ్లేజింగ్ సాడిల్స్', 1974లో మెల్ బ్రూక్స్ తీశాడు. గుర్రాలు, తుపాకులు, ఊరికి పోలీసు పెద్దలైన షెరీఫ్‌లు ఉండే సినిమాలన్నిటినీ ఆటపట్టిస్తుంది. ఊరికి నల్లజాతి షెరీఫ్ వచ్చాడని చీదరించుకునే తెల్లవాళ్ళ బుద్ధిని కూడా నిలబెట్టి నవ్వుతుంది. అందులో మోటు మాటలు ఎక్కువ, చిన్నవాళ్ళు కాస్త పెద్దయ్యాక చూడండి. ఆ షెరీఫ్‌ని వలలో వేసుకొమ్మని విలన్ పంపిన పాటగత్తె లిలీ వేషం మెడలిన్ కాన్‌ది. తెర మీద కనిపించేది కాసేపే. వల వేయడానికి వచ్చిన లిలీ తనే ఆ షెరీఫ్‌ మీద మనసు పడుతుంది.

ఇప్పుడు మన వాకిట్లోకి రండి. నెలగంట పెట్టిన దగ్గర్నుంచి మీ నానమ్మ మెలికల ముగ్గు వేస్తోంది కదా. ముందు చుక్కలు, తర్వాత ఆ చుక్కల చుట్టూ గీత. 1939లో మార్లిన్ డీట్రిచ్ అనే నటి 'డెస్ట్రీ రైడ్స్ అగైన్' అనే సినిమాలో సెలూన్ (కౌబాయ్ ఊళ్ళల్లో మందు తాగే చోటు) పాటగత్తెగా వేసింది, బొంగురు గొంతు, మత్తు చూపు, జర్మన్ యాస. అవీ చుక్కలు. మెడలిన్ వాటి చుట్టూ మెలిక తిప్పింది. ఆమె పాట 'నేను అలసిపోయాను' అని సాగుతుంది, ప్రేమించేవాళ్ళంతా వెంటపడి విసిగించేశారని. నిజంగానే అలసిపోయినట్టు స్వరాన్ని కాస్త కిందికి జారనిస్తుంది, ఆనుకోబోయి తడబడుతుంది. గీత చుక్కకి మరీ దూరంగా పోతే అది ముగ్గే కాదు, పిచ్చిగీత. చుక్కకి తగిలిందా, మెలిక చెడింది. ఆ మధ్యలో ఉన్న సన్నటి జాగాలోనే నవ్వు పుడుతుంది. చుక్కలు తెలియని వాడికి నవ్వు రాదు, వేసేవాళ్ళకి తెలియకపోతే అసలు ముగ్గే పడదు.

నా చిన్నప్పుడు మా రామాలయంలో శనివారం భజనకి ఒక మామయ్య హార్మోనియం వాయించేవాడు. భజన అయ్యాక ప్రసాదం పంచేలోపు, ఊళ్ళో అపశ్రుతిగా పాడేవాళ్ళని ఒక్కొక్కర్నీ అనుకరించేవాడు. మేము పులిహోర చేతిలో పెట్టుకుని తినడం మర్చిపోయి నవ్వేవాళ్ళం. నేనూ ఇంటికెళ్ళి అలా పాడబోయాను. మా అమ్మ "గొంతు నొప్పా?" అంది. నాకు సంగీతం రాదు, అందుకే నా తప్పు కూడా సరిగ్గా రాలేదు. ఎవర్నైనా నవ్వించాలని మీకు అనిపిస్తే ముందు ఆ పని బాగా నేర్చుకోండి, అప్పుడు మీరు ఎవర్ని అనుకరించినా వాళ్ళని చిన్నబుచ్చినట్టుండదు.

మెడలిన్ ఆ పని చేసింది. 1970లో వాషింగ్టన్‌లో 'లా బోహెమ్' అనే ఆపెరాలో, అంటే పాటలతోనే నడిచే నాటకంలో, ముసెట్టా పాత్ర పాడింది, అది గొంతు ఉన్నవాళ్ళకే దక్కే పాత్ర. చదివింది హోఫ్‌స్ట్రా యూనివర్సిటీలో స్పీచ్ థెరపీ, అంటే నోరు తిరగని వాళ్ళకి మాట సరిచేసే చదువు. అలాంటి మనిషి లిలీగా 'ర' అనాల్సిన చోటల్లా 'వ' అంటుంది, రోజా పువ్వు అందుకుంటే 'రెడ్ రోజ్' కాస్తా 'వెడ్ వోజ్' అవుతుంది! మాట సరిచేయడం నేర్చుకున్న నోటితో ఎంత జాగ్రత్తగా చెడగొట్టిందో వినండి.

ఆ వేషానికి ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అవార్డు ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి వెళ్ళింది. అంతకు ముందు ఏడాది 'పేపర్ మూన్' సినిమాకీ ఇలాగే నామినేషన్ దాకా వచ్చింది, అప్పుడు గెలిచింది అదే సినిమాలో నటించిన పదేళ్ళ పిల్ల టాటమ్ ఓనీల్. మెడలిన్ 1999లో, 57 ఏళ్ళకే, కాన్సర్‌తో పోయింది. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సరిగ్గా ఎంత జారితే నవ్వొస్తుందో ఆమె గొంతుకి ఎలా తెలిసిందో, నేను చెప్పలేను తల్లీ. నువ్వే ఒక పని చెయ్యి. రేపు పొద్దున సాధనలో శ్రుతిపెట్టె పెట్టుకుని, 'స' కంటే వెంట్రుకవాసి కిందికి దిగి, అక్కడే కదలకుండా నిలబడు. చెల్లెల్నీ తమ్ముణ్ణీ పక్కన కూర్చోబెట్టి లెక్కపెట్టమను. ఎంతసేపు నిలిచావో నాకు రాయి.

మీ తాతయ్య