చచ్చిపోయిన మెదడు కణాన్ని లేపే ప్రొటీన్ ఇంజెక్షన్ లేదు

పోయిన నెల ఒకబ్బాయి వాళ్ళ నాన్నగారిని పక్షవాతంతో తీసుకొచ్చాడు. ఆయనకి కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. రాత్రి అన్నం తింటుంటే చేతిలోంచి గ్లాసు జారిపోయిందట. నా దగ్గరికి వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం మూడు. "మేడమ్, మెదడు కణాలు చావకుండా కాపాడే ప్రొటీన్ వచ్చిందట కదా, అది వేయండి. పొలం అమ్మైనా కడతాం" అంటూ ఫోన్లో వీడియో చూపించాడు. వేరే వేరే ఇళ్ళవాళ్ళ నోట ఇదే మాట మళ్ళీ మళ్ళీ వింటున్నాను.

అపోహ: ఆ ప్రొటీన్ ఎక్కిస్తే పోయిన కణాలు తిరిగొస్తాయి, ఒక పూట ఆలస్యమైనా ఫరవాలేదు.

వాస్తవం: కాపాడగలిగేది ప్రాణమున్న కణాన్నే. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు (మెదడు కణాలు) పోతాయని 2006లో లెక్కగట్టారు. నడిమి భాగం త్వరగా చచ్చిపోతుంది. దాని చుట్టూ ఉన్నది పక్క నాళాల నుంచి అరకొరగా అందే రక్తంతో కొన్ని గంటలు కొనఊపిరితో ఉంటుంది. మేం పరుగులు పెట్టేది దానికోసమే.

ఆ వీడియోలో కొంత నిజం ఉంది, చిక్కంతా అక్కడే. మామూలుగా ప్రొటీన్లను రక్తంలోకి ఎక్కిస్తే మెదడులోకి వెళ్ళవు, రక్తానికీ మెదడుకీ మధ్య కంచెలాంటి బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ ఆపేస్తుంది. హెచ్‌ఐవీలో ఉండే టాట్ అనే ప్రొటీన్ తనంతట తానే కణాల్లోకి దూరుతుందని 1988లో తెలిసింది. అందులో చిన్న ముక్కను ఇంకో ప్రొటీన్‌కి తగిలించి ఇస్తే ఎలుకల మెదడులోకీ చేరిందని 1999లో చూపించారు. హెచ్‌ఐవీ పేరు విని హడలిపోకండి, ఆ ముక్కతో జబ్బు రాదు. ఈ పద్ధతిలోనే నెరినెటైడ్ అనే పెప్టైడ్, అంటే చిన్న ప్రొటీన్ ముక్క, తయారైంది. రక్తం అందనప్పుడు గ్లుటమేట్ అనే మెదడు రసాయనం పొంగి కణాన్ని చంపే క్రమాన్ని అది మధ్యలో తెంపాలి. 1105 మంది మీద చేసిన ట్రయల్ ఫలితం 2020లో వచ్చింది: మొత్తం మీద తేడా లేదు. నాళాన్ని మూసిన రక్తపు గడ్డను కరిగించే ఆల్టిప్లేస్ ఇంజెక్షన్ తీసుకోనివాళ్ళలో మాత్రం మేలు కనిపించింది. ఆల్టిప్లేస్ వల్ల పుట్టే ప్లాస్మిన్ అనే ఎంజైమ్ ఈ పెప్టైడ్‌ని ముక్కలు చేసేస్తుంది మరి. కానీ అలాంటివాళ్ళ మీదే మళ్ళీ ట్రయల్ చేస్తే ఆ మేలు నిలబడలేదు. కాబట్టి మీరు పొలం అమ్మి కొనేంత మందు ఇంకా రాలేదు.

ఉన్నది గడ్డను తీసే వైద్యం. కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలు గడువు. పెద్ద నాళంలో గడ్డ అయితే, స్కాన్ బాగుంటే, కొందరికి 24 గంటల దాకా కూడా పైపుతో లాగేయొచ్చు. ఈ పెద్దాయన సీటీ స్కాన్‌లో ఎడమవైపు చాలాభాగం అప్పటికే నల్లబడిపోయింది. చొక్కా చేయి పైకి మడిస్తే మోచేతి దగ్గర ఎండిన రక్తం. పావురం రక్తం రుద్దించారు. అంతకుముందు ఆర్‌ఎంపీ దగ్గర రెండు సెలైన్లు. కొడుకు రాత్రంతా నిద్ర లేకుండా తిరిగాడు, ఎవరూ సరైన దారి చెప్పలేదు. అతన్ని ఏమనగలను?

మిగతావి గబగబా చెప్పేస్తాను. ప్రొటీన్ పౌడర్ తాగితే కడుపులోనే అరిగి అమైనో ఆమ్లాలవుతుంది, మెదడుకి కవచమేమీ కాదు. పక్షవాతానికి రాసే సిటికోలిన్ అనే మందుని 2298 మంది మీద పరీక్షిస్తే 2012లో ఉత్తుత్తి మందు కంటే మేలేమీ తేలలేదు. బీ12 లోపం ఉంటే బీ12 వేయించుకోండి, "నరాల బలానికి" అని కాదు. అసలు మనం రక్తనాళాన్నీ నరమే అంటాం, కబురు మోసే నెర్వ్‌నీ నరమే అంటాం, సగం గందరగోళం అందుకే.

చచ్చినవి రావు గానీ, మిగిలిన మెదడు కొంత పని నేర్చుకుంటుంది. అందుకే ఆ అబ్బాయికి పొలం అమ్మొద్దని చెప్పి, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ రాసిచ్చాను.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ముందు గడియారం చూసి టైం రాసుకోండి. నోట్లో నీళ్ళు, మాత్రలు ఏమీ వేయొద్దు. 108కి ఫోన్ చేసి, సీటీ, గడ్డ కరిగించే ఇంజెక్షన్ రెండూ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళమని అడగండి.