ఎవరితో పోల్చి చూశారు?

1881 మే నెలలో పారిస్‌కు దగ్గర్లోని పుయ్యీ-ల-ఫోర్ అనే పల్లెలో లూయీ పాశ్చర్ అందరి ముందూ ఒక పరీక్ష పెట్టాడు. పశువులను చంపే దొమ్మ రోగానికి (ఆంత్రాక్స్) తన ప్రయోగశాలలో తయారైన టీకాను 24 గొర్రెలకు వేయించాడు. మరో 24 గొర్రెలను టీకా లేకుండా ఉంచాడు. మే 31న అన్నిటికీ బతికున్న దొమ్మ క్రిములను ఎక్కించారు. జూన్ 2న జనం వచ్చి చూసేసరికి టీకా పడిన గొర్రెలు నిక్షేపంగా ఉన్నాయి. పడనివాటిలో చాలావరకు అప్పటికే చచ్చి పడి ఉన్నాయి, మిగిలినవి కూడా ఆ రోజు గడిచేలోపే పోయాయి. ఆ టీకాను నిజానికి ఏ పద్ధతిలో తయారు చేశారో పాశ్చర్ అప్పుడు బయటపెట్టలేదు. అది తప్పే. అయినా ఆ పరీక్ష అమరికను మాత్రం మెచ్చుకోవాలి. ఒకే రోజు, ఒకే క్రిమి, రెండు గుంపులు, వాటి మధ్య తేడా టీకా ఒక్కటే.

ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ము క్యాన్సర్‌కు ఒక పెద్ద ఆపరేషన్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. రొమ్ముతో పాటు దాని కింద ఉన్న ఛాతీ కండరాలను, చంకలోని లింఫ్ గ్రంథులను కూడా తీసేసేవాడు. క్యాన్సర్ ఒక చోట మొదలై పక్కకు, ఆ పక్కకు వరుసగా పాకుతుందని ఆయన నమ్మకం. అలాగైతే ఎంత దూరం కోస్తే అంత మంచిది కదా! 1894లో 50 మంది రోగుల ఫలితాలు ప్రచురించాడు. కోసిన చోట గడ్డ మళ్లీ వచ్చింది ముగ్గురికే అన్నాడు. యూరప్ సర్జన్ల లెక్కల ముందు ఇది అద్భుతంగా కనిపించింది.

కానీ ఆయన పోల్చింది వేరే ఊళ్లలో, వేరే డాక్టర్ల దగ్గరికి వచ్చిన వేరే రోగులతో. వాళ్ల జబ్బు ఏ దశలో ఉందో, వీళ్లది ఏ దశలో ఉందో పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. పైగా ఆయన గొప్పగా చూపించింది కోసిన చోట గడ్డ తిరిగి వచ్చిందా లేదా అన్న లెక్కని. ఆడవాళ్లకు కావలసిన లెక్క అది కాదు. ఎన్నేళ్లు బతుకుతాను అన్నది వాళ్ల ప్రశ్న.

ఆ ప్రశ్నకు సరైన జవాబు లేకుండానే ఆ ఆపరేషన్ దాదాపు ఎనభై ఏళ్లు నడిచింది. ఛాతీ గుంటపడిపోయేది, చెయ్యి వాచిపోయేది, భుజం పైకి లేచేది కాదు. గడ్డ క్యాన్సరో కాదో అప్పటికప్పుడు పరీక్షించి, క్యాన్సరైతే అదే మత్తులో రొమ్ము తీసేసేవాళ్లు. లేచాక రొమ్ము ఉంటుందో ఉండదో తెలియని టెన్షన్‌తోనే ఆపరేషన్ బల్ల ఎక్కేవాళ్లు ఆడవాళ్లు. చేసిన డాక్టర్లు చెడ్డవాళ్లని నేను అనను. చిన్న ఆపరేషన్ చేస్తే మనిషి ప్రాణం పోతుందని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారు. ఆ నమ్మకం వల్లే పరీక్ష పెట్టడం పాపంలా తోచింది.

ఆ పరీక్ష పెట్టినవాడు పిట్స్‌బర్గ్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్. క్యాన్సర్ కణాలు వరుసలో పాకవనీ, తొలి దశలోనే రక్తంలో కలిసి దూరం పోగలవనీ ఆయన ప్రయోగాలు సూచించాయి. అదే నిజమైతే ఛాతీని ఎంత లోతుగా చెక్కినా ప్రయోజనం పెరగదు. 1971లో 1,600 మందికి పైగా మహిళలతో మొదలైన పరీక్షలో ఎవరికి ఏ ఆపరేషన్ అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. 25 ఏళ్లు గడిచాక చూస్తే, హాల్‌స్టెడ్ ఆపరేషన్ జరిగినవాళ్లు, కండరాలు ఉంచి రొమ్ము మాత్రమే తీసినవాళ్ల కంటే ఎక్కువ కాలం బతకలేదు.

1976లో మరో అడుగు ముందుకేశారు. 1,851 మంది. కొందరికి రొమ్మంతా తీశారు. కొందరికి గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని మాత్రమే తీశారు. మరికొందరికి అలా తీసి రేడియేషన్ కూడా ఇచ్చారు. ఇరవై ఏళ్లకు మూడు గుంపుల్లోనూ బతికున్నవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే గడ్డ మాత్రమే తీసినవాళ్లలో అదే రొమ్ములో క్యాన్సర్ తిరగబెట్టడం 39 శాతం, రేడియేషన్ కూడా తీసుకున్నవాళ్లలో 14 శాతం. రెండు లెక్కలు రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి చూడండి. తిరగబెట్టడాన్ని మాత్రమే చూస్తే గడ్డ మాత్రమే తీయడం ఓటమిలా ఉంటుంది, ప్రాణాన్ని మాత్రమే చూస్తే రేడియేషన్ అనవసరం అనిపిస్తుంది. రెండూ చూస్తేనే నిర్ణయం కుదురుతుంది. మిలన్‌లో ఉంబెర్టో వెరోనేసి విడిగా 701 మందితో చేసిన పరీక్షలోనూ, రొమ్ము నిలిపిన ఆపరేషన్‌కు ఇరవై ఏళ్ల తర్వాత ప్రాణం విషయంలో లోటేమీ కనబడలేదు.

పాశ్చర్‌కు రెండు రోజుల్లో తేలింది, ఫిషర్‌కు పాతికేళ్లు పట్టింది. పశువుకు కావాలని రోగం అంటించి చూడొచ్చు, మనిషికి క్యాన్సర్ అంటించలేం. అందుకని పశువుల టీకాను తూచడం తేలిక అనుకుంటే పొరపాటే. మందలో సగం పశువులకు టీకా వేస్తే రోగం వ్యాపించడమే తగ్గి, వేయనివి కూడా బతికిపోతాయి. అప్పుడు రెండు సగాల మధ్య తేడా తగ్గి, మంచి టీకా కూడా పనికిరానిదానిలా కనబడుతుంది. అలాంటప్పుడు ఒక మంద మొత్తాన్ని ఇంకో మంద మొత్తంతో పోల్చాలి.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసేది మాత్రం కోళ్లకు వచ్చే మారెక్స్ వ్యాధి. ఇది వైరస్ వల్ల వచ్చే క్యాన్సరే, కోడి ఒంట్లో గడ్డలు పుడతాయి. 1970 ప్రాంతంలో వచ్చిన టీకా కోట్ల కోళ్లను కాపాడింది. కోడి చచ్చిందా బతికిందా అన్న కొలత మీద అది గొప్ప విజయం. అయితే ఆ టీకా వ్యాధిని ఆపుతుంది గానీ వైరస్ ఒంట్లో పెరగకుండా ఆపలేదు. 2015లో వెలువడిన ప్రయోగాల్లో ఏం తేలిందంటే, అతి తీవ్రమైన రకం వైరస్ సోకితే టీకా లేని కోళ్లు దాన్ని ఎక్కువగా వెదజల్లకముందే చనిపోయాయి. టీకా వేసినవి బతికి, వారాల తరబడి దాన్ని చుట్టూ చల్లాయి. వాటి పక్కన ఉంచిన టీకా లేని కోళ్లు ఆ వైరస్ సోకి చనిపోయాయి. కాబట్టి టీకా కొలతలో పక్క కోడి కూడా ఉండాలి.

రొమ్ము క్యాన్సర్‌లో ఇప్పుడు పరీక్ష చంక దగ్గరికి వచ్చింది. లింఫ్ గ్రంథులన్నీ తీస్తే చెయ్యి జీవితాంతం వాచే ప్రమాదం ఉంది. ఒకటి రెండు గ్రంథుల్లో క్యాన్సర్ కనబడ్డా మిగతావి వదిలేయొచ్చా అని అమెరికాలో చేసిన పరీక్షకు 1,900 మంది కావాలనుకుంటే 891 మందే చేరారు. అయినా పదేళ్లకు, వదిలేసినవాళ్లలో బతికున్నవాళ్లు 86 శాతం, తీసినవాళ్లలో 84 శాతం. 2023లో మిలన్ నుంచి ఇంకో ఫలితం వచ్చింది. గడ్డ రెండు సెంటీమీటర్ల లోపు ఉండి, అల్ట్రాసౌండ్‌లో చంక శుభ్రంగా కనబడిన 1,400 మందికి పైగా మహిళల్లో కొందరికి ఒకటి రెండు గ్రంథులు తీసి పరీక్షించారు, మిగతావాళ్లకు ఆ గ్రంథులను అసలు ముట్టుకోనేలేదు. ఐదేళ్లకు రెండు గుంపులూ సమానంగానే ఉన్నాయి. ఈ రకం గడ్డల్లో చాలావాటికి పదేళ్లు దాటాక కూడా తిరగబెట్టే గుణం ఉంది కాబట్టి ఐదేళ్ల లెక్కతో సరిపెట్టుకోకూడదు, ఆ మహిళలను ఇంకా ఏళ్ల తరబడి గమనిస్తూ ఉండాలి.